ఇరవై ఆరుగురు పిల్లలు, నాలుగు లేన్లు, ఒక విజిల్

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హనుమకొండలో వేసవి ఈత శిబిరం నుంచి ఏరి కూర్చిన జట్టు, తొమ్మిది నుంచి పదిహేనేళ్ల మధ్య పిల్లలు ఇరవై ఆరుగురు, 25 మీటర్ల కొలనులో నాలుగు లేన్లు, పొద్దున ఆరు నుంచి ఏడు వరకు సమయం, నెలన్నరలో జిల్లా ఎంపికలు. కాళ్లు పట్టి లాగుతున్నారు, లేన్ తాళ్ల మీద ఊగుతున్నారు, చెప్పింది వినడం లేదు, ఒక చిన్నవాణ్ని అదే పనిగా ఏడిపిస్తున్నారు. మీరు అరుస్తున్నారు, విజిల్ ఊదుతున్నారు, శిక్షగా అదనపు రౌండ్లు వేయిస్తున్నారు. మీ గొంతు పోయింది తప్ప అల్లరి పోలేదు. అన్నిటికీ మూలం అనిపిస్తున్న ఇద్దరు అబ్బాయిలను జట్టులోంచి తీసేయాలా అని అడిగారు.

ఆ ఇద్దరి సంగతి చివర్లో చెబుతాను. నేను వ్యాయామ ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. ఇరవై రెండేళ్లుగా ఈ చుట్టుపక్కలే పిల్లలకు ఈత నేర్పుతున్నాను. మీరు చేస్తున్న తప్పుల్లో నేను చేయనిది ఒక్కటీ లేదు కాబట్టి ఎక్కడైనా కటువుగా రాస్తే ఏమీ అనుకోకండి.

రేపు పొద్దున ఒక పని చేయండి. జట్టులో మధ్యరకంగా ఈదే పిల్లవాణ్ని ఒకణ్ని ఎంచుకుని, వాడు ఈదుతున్నంతసేపే స్టాప్‌వాచ్ నడవనివ్వండి. గోడ పట్టుకోగానే ఆపండి. గంట అయ్యాక ఎంత వచ్చిందో చూడండి.

మీరు రాసినదాన్ని బట్టి నేనే లెక్కవేశాను. ఒక్కో లేన్‌లో ఆరేడుగురు నిలబడతారు, ఒకడు అవతలి గోడ తాకాక రెండోవాడు బయలుదేరతాడు, ఈలోగా మీరు ఒక్కొక్కరి చేయి, తల సరిచేస్తుంటారు. 25 మీటర్లకు అర నిమిషం అనుకుంటే ఏడుగురికి మూడున్నర నిమిషాలు. అంటే ప్రతివాడూ అర నిమిషం ఈది మూడు నిమిషాలు గోడ పట్టుకుని నిలబడతాడు. గంటలో ఎనిమిదిన్నర నిమిషాల ఈత, 51 నిమిషాల ఖాళీ. ఛాతీ లోతు నీళ్లు, పక్కన స్నేహితుడు, చేతికందేంత దూరంలో ఇంకొకడి కాలు. ఇన్ని ఉండి కూడా 51 నిమిషాలు బుద్ధిగా నిలబడ్డ పిల్లవాడు కనిపిస్తే, వాడికి జ్వరమేమో నుదురు ముట్టుకుని చూడాలి.

అందుకని ముందు ఖాళీని తగ్గించండి. అందరూ ఒకేసారి నీళ్లలో కదులుతూ ఉండాలి. లేన్‌లో కుడి అంచున వెళ్లడం, అవతలి గోడ తాకి తిరిగి మళ్లీ తమ కుడి అంచునే వెనక్కి రావడం. పది సెకన్లకు ఒకరు చొప్పున వదలండి. ఏడోవాడు బయలుదేరే వేళకు మొదటివాడు 50 మీటర్లు ముగించి గోడ దగ్గరికి వచ్చేస్తుంటాడు. ప్రతి 90 సెకన్లకు మొదటివాడు మళ్లీ బయలుదేరాలి. అరవై సెకన్ల ఈత, ముప్పై సెకన్ల విశ్రాంతి. ఆ ముప్పై సెకన్లు ఊపిరి అందుకోవడానికే సరిపోతాయి, పక్కవాడి గాగుల్స్ లాగడానికి మిగలవు. ఇలా నడిపితే అదే గంటలో 40 నిమిషాలు ఈదుతారు. రోడ్డు మీద ఎడమ, నీళ్లలో కుడి ఎందుకని పిల్లలు తప్పకుండా అడుగుతారు. మీరు ఎడమే పెట్టుకున్నా కొంప మునగదు గానీ, నాలుగు లేన్లలోనూ ఒకటే ఉండాలి. లేకపోతే తలలు ఢీకొంటాయి.

లేన్లు వయసును బట్టి కాకుండా వేగాన్ని బట్టి విడదీయండి. పదిహేనేళ్లవాణ్ని పదేళ్ల అమ్మాయి వెనక నిలబెట్టాల్సి వస్తే వాడికి తలకొట్టేసినట్టు ఉంటుంది, అల్లరికి అదొక కొత్త కారణం అవుతుంది. అలాంటప్పుడు వాణ్ని ఆ లేన్‌కు ముందు వదలండి, గడియారం చూసి వెనకవాళ్లను పంపే పని వాడికే అప్పగించండి.

మరి తప్పులు దిద్దేది ఎప్పుడని మీకు సందేహం రావచ్చు. గంటలో ఒక్కొక్కరికి ఒక్క తప్పు చాలు. వాడు గోడ దగ్గరికి రాగానే వంగి మెల్లగా చెప్పండి: "మోచేయి పైకి." అంతే. కొలను మొత్తానికీ వినిపించేలా ఉపన్యాసం ఇస్తే ఇరవై ఐదుగురు ఖాళీగా ఉంటారు. పైగా తలమీద టోపీ, చెవుల్లో నీళ్లు, పైకప్పు ఉంటే దాని ప్రతిధ్వని. మీరు "వినడం లేదు" అని రాశారు చూడండి, అందులో సగం వినబడకపోవడమే.

ఇక విజిల్. ఇప్పుడు మీరు దాన్ని కోపం వచ్చినప్పుడల్లా ఊదుతున్నారు. పిల్లలకు అది కాజీపేట జంక్షన్ పక్కన ఇల్లున్నవాడికి రైలు కూతలాంటిది, అలవాటైపోయింది. పోటీల్లో విజిల్‌కు ఒక భాష ఉంది. వరుసగా పొట్టి ఈలలు వినిపిస్తే పైబట్టలు తీసి సిద్ధంగా ఉండాలి. ఒక పొడుగు ఈలకు స్టార్టింగ్ బ్లాక్, అంటే కొలను అంచున దూకే దిమ్మె, ఎక్కాలి. వెల్లకిలా ఈదే బ్యాక్‌స్ట్రోక్ అయితే మొదటి పొడుగు ఈలకు నీళ్లలోకి దిగి, రెండోదానికి గోడ దగ్గరికి రావాలి. తర్వాత స్టార్టర్ (పోటీ మొదలుపెట్టించే అధికారి) ఆదేశం, ఆపైన సంకేతం. ఆ సంకేతానికి ముందే కదిలినవాడికి ఇంకో అవకాశం ఉండదు, ఆ పోటీ నుంచి తప్పించేస్తారు. ఈ భాషనే రోజూ సాధనలో వాడండి. దీనికి ఒక్కటి మాత్రం సొంతంగా చేర్చండి: ఒకే ఒక్క గట్టి ఈల వినిపిస్తే ఎక్కడివాళ్లు అక్కడ దగ్గర్లోని గోడనో తాడునో పట్టుకుని, మీరు ముందే కుదిర్చిన తమ జోడీ చేయి పట్టుకుని పైకెత్తాలి. మీరు పదమూడు జంటలు లెక్కపెట్టుకోవాలి. మొదటి వారం రోజుకు మూడుసార్లు ఈ పని చేయించండి. నిశ్శబ్దం కావడానికి ఎన్ని సెకన్లు పట్టిందో పైకి చదవండి. పిల్లలకు గడియారంతో పందెం ఇష్టం. మా జట్టులో మొదట నిమిషం పైన పట్టేది. పదిహేను రోజులకు పన్నెండు సెకన్లకు దిగింది, ఎవరి మీదా నేను అరవలేదు.

ఇది కేవలం క్రమశిక్షణ కోసం కూడా కాదు. మునిగిపోతున్న పిల్లలు సాధారణంగా కేకలు వేయరు, చప్పుడు లేకుండానే పోతారు. అల్లరిగా ఉన్న కొలనులో అది అసలే కనిపించదు.

మా ఊరు పరకాల వైపు. నేను ఈత నేర్చుకున్నది వ్యవసాయ బావిలో, నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టుకుని. అక్కడ కోచ్ లేడు, విజిల్ లేదు, గట్టు మీద పదిమంది కోతిమూకలాంటి పిల్లలం. అయినా కిందవాడు పక్కకు జరిగాడో లేదో చూసుకోకుండా పైవాడు దూకేవాడు కాదు. దూకేముందు "పక్కకూ" అని అరిచేవాడు. ఎందుకంటే ఒకసారి దూకినవాడి మోకాలు ఇంకొకడి భుజానికి తగలడం మేం కళ్లారా చూశాం. నియమం ఎందుకుందో తెలిస్తే పిల్లలు దాన్ని వాళ్లంతట వాళ్లే కాపాడుకుంటారు. మీ కొలను గోడమీద పదిహేను నియమాల బోర్డు ఉండే ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు. నాలుగు చాలు, నాలుగింటికీ కారణం చెప్పండి.

ఉదాహరణకు దిగేముందు స్నానం. "శుభ్రత" అంటే ఎవరూ కదలరు. నేను ఇలా చెబుతాను: కళ్లు మండేదీ, ఆ ఘాటు వాసన వచ్చేదీ క్లోరిన్ ఎక్కువై అనుకుంటారు. క్లోరిన్ చెమటతోనూ మూత్రంతోనూ కలిసినప్పుడు క్లోరమైన్లు అనేవి పుడతాయి, మండించేది ముఖ్యంగా అవే. అంటే మీ కళ్లు ఎర్రబడ్డాయంటే నీళ్లలో ఎవరో ఏదో పని కానిచ్చారన్నమాట. పిల్లలు ఐదు నిమిషాలు పడీపడీ నవ్వుతారు, ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటారు. మర్నాటి నుంచి షవర్ దగ్గర కాపలా వాళ్లే కాస్తారు.

ఇప్పుడు శిక్షలు. అదనపు రౌండ్లు ఈరోజే మానేయండి. నేను పదేళ్లు అదే చేశాను. అల్లరి చేస్తే 100 మీటర్ల బటర్‌ఫ్లై, రెండు చేతులూ ఒకేసారి ముందుకు విసిరే ఈత. అలసిపోయిన పిల్లవాడు బటర్‌ఫ్లై ఎలా చేస్తాడు? చేతులు నీళ్లమీద ఈడుస్తూ, తల ఎగరేస్తూ, భుజాలు నొప్పి పుట్టేలా. ఆ తప్పుడు కదలికే ఒంటికి పడుతుంది. ఒక ఏడాది మెడ్లీ రిలే (నలుగురు వంతులవారీగా నాలుగు రకాల ఈతలు ఈదే పోటీ) జట్టు కూర్చాల్సి వచ్చింది. బ్యాక్‌స్ట్రోక్‌కు ఉన్నారు, బ్రెస్ట్‌స్ట్రోక్‌కు ఉన్నారు, చివరి ఫ్రీస్టైల్‌కు ఎగబడ్డారు. మూడోదైన బటర్‌ఫ్లైకి ఒక్కడూ ముందుకు రాలేదు. "అది పనిష్‌మెంట్ కదా సార్" అన్నాడొకడు. నేనే చేతులారా చంపుకున్నాను. మనం అమ్ముతున్న మిఠాయినే చేదు మందని చెప్పి తినిపిస్తే రేపు ఎవరు కొంటారు?

కొట్టడం గురించి మీరు అడగలేదు, కానీ మీకు ఆ ఒత్తిడి వస్తుందని తెలుసు. "కళ్లు రెండూ వదిలేసి ఎక్కడైనా తగిలించండి సార్" అనే తండ్రులు మన దగ్గర తక్కువేమీ కాదు. చాలా ఏళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక పోటీలో, బ్లాక్ దగ్గర తోసుకుంటూ పోటీ పోగొట్టుకున్న ఒక పిల్లవాణ్ని అందరి ముందూ చెంపమీద కొట్టాను. తిరుగు ప్రయాణంలో కాజీపేట దాకా వాడు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. మర్నాటి నుంచి రాలేదు. వాళ్ల నాన్న మాత్రం వారం తర్వాత వచ్చి, "మంచి పని చేశారు సార్" అని చేతులు జోడించాడు. ఆ నమస్కారం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. చట్టం సంగతి కూడా తెలుసుకోండి. బడిలో శారీరక శిక్షను, మానసిక వేధింపును 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షను నిషేధించింది. తన సంరక్షణలో ఉన్న బిడ్డపై క్రూరంగా ప్రవర్తించినవారికి 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షను కింద మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. తండ్రి అనుమతించాడన్న మాట అక్కడ పనికి రాదు.

మరి ఏం చేయాలి? ఒడ్డున కూర్చోబెట్టండి. మే నెలలో, ఆరు గంటలకే ఉక్కపోసే మన వరంగల్‌లో, స్నేహితులంతా నీళ్లలో ఉంటే తానొక్కడే తువ్వాలు కప్పుకుని బల్లమీద కూర్చోవడం కన్నా పెద్ద శిక్ష పిల్లవాడికి ఉండదు. కానీ దీనికొక పద్ధతి ఉంది. ముందు ఒకసారి పేరు పెట్టి పిలిచి ఏం తప్పో ఒక్క మాటలో చెప్పాలి. రెండోసారికి ఐదు నిమిషాలు బయట. గడియారం వాడికి కనబడాలి. నీడలో, మీ కళ్లెదుట కూర్చోవాలి. ఐదు నిమిషాలు కాగానే, "రా నాన్నా, నీ లేన్‌లో మూడోవాడివి" అని పిలవాలి. సంజాయిషీ అడగకూడదు, ఎత్తిపొడవకూడదు, క్షమాపణ చెప్పించకూడదు. జట్టులో అందరికన్నా వేగంగా ఈదే పిల్లకైనా, కార్పొరేటర్ గారి అబ్బాయికైనా అదే ఐదు నిమిషాలు. ఒక్కసారి మినహాయింపు ఇచ్చారా, బల్ల పరువు పోయినట్టే.

అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ 28 ఒలింపిక్ పతకాలు గెలిచాడని మీ పిల్లలకు తెలిసే ఉంటుంది. చిన్నప్పుడు అతను బాల్టిమోర్‌లోని తన క్లబ్బులో కుదురుగా ఉండలేక, లైఫ్‌గార్డ్ కుర్చీ పక్కన శిక్షగా కూర్చున్న రోజులు చాలా ఉన్నాయి. తొమ్మిదేళ్లకు అతనికి ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవక, కుదురుగా ఉండలేని సమస్య) ఉందని వైద్యులు తేల్చారు. పదకొండేళ్లప్పుడు కోచ్ బాబ్ బౌమన్ చేతికి వచ్చాడు. బౌమన్ మెతక మనిషేమీ కాదు, గట్టివాడే. అయితే ఆ కదలకుండా ఉండలేనితనాన్ని నీళ్లలోకి మళ్లించాడు. బల్లమీద కూర్చున్నవాడికి ఈ కథ చెప్పకండి, అదేదో గొప్పతనం అనుకుంటాడు. మీరు మాత్రం గుర్తుంచుకోండి.

డిసెంబరు, జనవరిలో ఒడ్డున కూర్చోబెట్టే ఈ మందు తిరగబడుతుంది, అది కూడా చెప్పాలి. మన దగ్గర కొలనుల్లో నీళ్లు వేడి చేసే ఏర్పాటు సాధారణంగా ఉండదు. పోటీ కొలనుల్లో నీళ్లు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలని నియమం, చలికాలం పొద్దున్నే మనవి అంతకన్నా బాగా చల్లగా ఉంటాయి. బయటికి పంపిస్తారని కావాలనే అల్లరి చేసిన ఘనులను చూశాను. చలిలో సాధన నిడివి తగ్గించి ఆగకుండా కదిలించాలి. శిక్ష కావాలంటే చివరి పది నిమిషాల బంతి ఆటలోంచి తప్పించాలి.

బల్ల దాకా కూడా వెళ్లకుండా నేరుగా ఇంటికి పంపాల్సిన తప్పులు మూడున్నాయి. ఒకటి, ఎవరి తలనైనా నీళ్లలో అదిమిపట్టడం. రెండు, లోతు తక్కువ వైపు తలకిందులుగా డైవ్ చేయడం. మెడ విరిగితే జీవితాంతం మంచమే. మూడోదాన్ని చాలామంది కోచ్‌లు తప్పుగానే చూడరు: ఎవరు ఎక్కువసేపు మునిగి ఉంటారో చూసే పందెం. దీని గురించి కాస్త వివరంగా చెప్పనివ్వండి. మనకు ఊపిరి ఆడనట్టు అనిపించేది ముఖ్యంగా ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్ల. మునిగే ముందు పిల్లలు గబగబా పెద్ద ఊపిర్లు పీలుస్తారు కదా, దానివల్ల ఆక్సిజన్ పెద్దగా పెరగదు, కార్బన్ డయాక్సైడ్ మాత్రం తగ్గిపోతుంది. హెచ్చరించాల్సిన గంట ఆలస్యంగా మోగుతుంది. ఈలోగా ఆక్సిజన్ అయిపోయి, గిలగిలా కొట్టుకోవడం కూడా లేకుండా స్పృహ తప్పుతుంది. పక్కవాళ్లు "ఇంకా గెలుస్తున్నాడు" అని లెక్కపెడుతూనే ఉంటారు. బాగా ఈదేవాళ్లకే ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే పట్టుదల వాళ్లకే ఎక్కువ. ఊపిరి బిగపట్టించడం శిక్షగా గానీ ఆటగా గానీ మీ కొలనులో ఎప్పుడూ జరగకూడదు.

ఆ చిన్నవాడి విషయం నన్ను మిగతా అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టింది. మీ కళ్లముందు జరుగుతున్నది ఇంత ఉంటే, బట్టలు మార్చుకునే గదిలో ఇంకెంత జరుగుతోందో? అక్కడికి ఫోన్లు పోకూడదు. తలుపు బయట, లోపలి మాటలు వినబడేంత దూరంలో పెద్దవాళ్లు ఒకరు ఉండాలి. అమ్మాయిల వైపు ఒక మహిళ. అమ్మాయిలు ఈత మానేయడానికి నీళ్లకన్నా ఒడ్డున వినిపించే వ్యాఖ్యలే కారణం కావడం చాలాసార్లు చూశాను. ఆ చిన్నవాణ్ని మీకు దగ్గరగా ఉండే లేన్‌కు మార్చండి, కారణం ఎవరికీ చెప్పకండి. మాట్లాడాలంటే నలుగురికీ కనబడే చోట, ఎవరికీ వినబడనంత దూరంలో మాట్లాడండి. "ఎవరు చేశారు" అని మొదలుపెడితే నోరు విప్పడు. "ఏ సమయంలో రావాలంటే భయంగా ఉంటుంది" అని అడగండి.

తల్లిదండ్రుల గురించి రెండు ముక్కలు. గట్టు మీద నిలబడి "చేతులు వెయ్‌రా" అని అరిచేవాళ్లను గేటు అవతలికి పంపించండి. పిల్లవాడికి ఒకేసారి ఇద్దరు కోచ్‌లు ఉంటే ఇద్దరి మాటా వినడు. నెలకోసారి వాళ్లను కూర్చోబెట్టి టీ ఇచ్చి మాట్లాడండి. అల్లరి చేసిన రోజు మాత్రమే ఫోన్ చేయకండి. బాగా ఈదిన రోజు కూడా చేయండి, లేకపోతే మీ నంబరు చూడగానే ఇంట్లో పిల్లవాడి వీపు మోగుతుంది.

ఇక ఆ ఇద్దరు. తీసేయకండి, కనీసం ఇప్పుడే వద్దు. నా భయం ఏమిటంటే, కొలనులోంచి పంపేసిన పిల్లలు ఈత మానరు. ఈత వచ్చీరాని ధైర్యంతో ఏ చెరువుకో కాకతీయ కాలువకో వెళతారు. కాలువ గట్టు సిమెంటు వాలు, పాచి పట్టి ఉంటుంది, దిగడం తేలిక, ప్రవాహంలో పట్టు దొరికి పైకి రావడం పెద్దవాళ్లకే కష్టం. ప్రతి వేసవిలోనూ జిల్లా పేజీలో అలాంటి వార్తలు చదువుతూనే ఉన్నాం. ఆ ఇద్దరూ మీ దగ్గర ఉన్నంతసేపు ఒక గంటైనా కళ్లముందు ఉంటారు. అయితే పైన చెప్పిన మూడు తప్పుల్లో ఏదైనా చేస్తే వారం రోజులు రానివ్వకండి, తల్లిదండ్రులను పిలిచి కారణం వివరించండి. మళ్లీ చేస్తే మాత్రం మొహమాటం వద్దు. మిగతా ఇరవై నలుగురి ప్రాణాలకు కూడా మీరే పూచీ.

ఈలోగా వాళ్లిద్దరినీ వేర్వేరు లేన్లలో పెట్టండి. మీరు రాసినదాన్ని బట్టి ఇద్దరూ జట్టులో వేగంగా ఈదేవాళ్లే. ఎంపికలకు నెలన్నర ఉందన్నారు కదా, రిలే మార్పిడి సాధన ఈ వారమే మొదలుపెట్టి, అందులో మాత్రం వాళ్లను ఒకరి తర్వాత ఒకరిగా నిలపండి. ముందువాడి చేయి గోడను తాకకముందే వెనకవాడి పాదాలు బ్లాక్ వదిలితే జట్టు మొత్తం పోటీలోంచి పోతుంది. బ్లాక్ మీద వంగి, కళ్లార్పకుండా, తన స్నేహితుడి చేతివేళ్లు గోడను తాకే క్షణం కోసం చూస్తూ ఉండాలి. రోజుకు ఇరవైసార్లు చేయించండి. మొదటి రెండు రోజులు నవ్వుతారు, తోసుకుంటారు, ముందే దూకేస్తారు. మూడో రోజు ఎలా ఉందో నాకు రాయండి.